మడుగు మిగిలితేనే చేప మిగులుతుంది

(వార్ధా నది తీరాన జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

చంద్రపూర్, బల్లార్షా, రాజురా, సిరొంచల నుంచి వచ్చిన యవ్వనస్తులారా, రాత్రి షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా వచ్చిన సహోదరులారా, వలలు ఆరబెట్టి వచ్చిన పెద్దలారా, తల్లులారా! బొగ్గు తవ్వే వాళ్లూ చేపలు పట్టే వాళ్లూ ఈ పూట ఒకే చాప మీద కూర్చున్నారు. చూడటానికి నాకు సంతోషంగా ఉంది, కొంచెం భయంగానూ ఉంది. ఎందుకంటే ఇప్పుడు నేను చెప్పబోయే మాట మీ ఇద్దరి మధ్య ఉన్న మాట.

ముందు నా సంగతి చెప్పాలి. మా నాన్న గనిలో పంపు ఖలాసీ. కరీంనగర్ వైపు నుంచి పొట్ట చేతపట్టుకొని ఈ చాందా దేశానికి వచ్చాడు. గని అడుగున ఊరే నీళ్లను పంపుతో పైకి తోడటం ఆయన పని. పండగ రోజైనా, ఆదివారమైనా పంపు ఆగకూడదు. చిన్నప్పుడు నేను అడిగేవాణ్ని, "నాన్నా, గుడికి ఎందుకు రావు?" అని. "నేను పంపు దగ్గర లేకపోతే కింద ఉన్నవాళ్లు ఇంటికి రారు బిడ్డా" అనేవాడు.

ఆ మాట విలువ పెద్దయ్యాక తెలిసింది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 370 మందికి పైగా కార్మికులు చనిపోయారు. 2003 జూన్‌లో మన గోదావరిఖనిలో కూడా గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది కార్మికులు తిరిగి రాలేదు. గనిలో నీరు తోడటమంటే ప్రాణాలు కాపాడటం. కాబట్టి పంపు ఆపమని ఈ పాస్టరు ఎన్నడూ చెప్పడు. పంపు ఖలాసీ కొడుకును, ఎలా చెబుతాను? నా ప్రశ్న పైపు రెండో చివర గురించి. తోడిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఏమి మోసుకొని పోతున్నాయి? ఆ చివర ఎవరి ఇల్లు ఉంది?

యోబు గ్రంథం 28వ అధ్యాయం ఎంతమంది చదివారు? బైబిల్లో గని కార్మికుల గురించి అంత వివరంగా రాసిన చోటు మరొకటి నాకు కనబడలేదు. మనుషులు తిరగని చోట సొరంగం తవ్వడం, అందులో వేలాడుతూ దిగడం, చీకటిని జయించడం, ఊరే నీటిని కట్టడి చేయడం, అన్నీ అక్కడ ఉన్నాయి. ఆ భక్తుడు గని పనిని తక్కువ చేయలేదు, ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాతే ఒక ప్రశ్న వేశాడు: భూమి లోపలున్న వాటన్నిటినీ వెలికి తీసే మనిషికి జ్ఞానం ఎక్కడ దొరుకుతుంది? తవ్వే నేర్పు ఒకటి, ఎలా తవ్వాలో తెలిసిన జ్ఞానం మరొకటి. మన ప్రాంతానికి మొదటిది పుష్కలంగా ఉంది. రెండోదాని గురించే ఈ ప్రసంగం.

గని నీరు చూడటానికి ఒక్కోసారి తేటగానే ఉంటుంది. అందులో ఏముంటుందో తెలుసుకోవాలి. మొదటిది మన్ను, బొగ్గు పొడి. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీదున్న మట్టిని తీసి గుట్టలు పోస్తారు, మనం ఓబీ అంటాం. వాన పడితే ఆ గుట్ట కరుగుతుంది. రెండోది, పేలుడు మందులో ఉండే అమ్మోనియం నైట్రేట్. పేలగా మిగిలింది నీళ్లలో కలుస్తుంది. అందులోంచి వచ్చే అమ్మోనియా చేపకు విషం. ఎండ ముదిరి నీళ్లు వేడెక్కే కొద్దీ ఆ విషం పదును పెరుగుతుంది. మూడోది, యంత్రాలు కడిగిన చోటి నూనె, గ్రీజు. నాలుగోది ఆమ్లం. రాయిలో, బొగ్గులో ఉన్న గంధకానికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుట్టి ఇనుమును కరిగిస్తుంది. అదే వాగులో రాళ్ల మీద తుప్పు రంగు పొరగా పేరుకుంటుంది. అస్సాం వైపు బొగ్గులో గంధకం ఎక్కువ, అక్కడ ఈ బాధ తీవ్రం. మన గోదావరి, వార్ధా లోయల బొగ్గులో గంధకం సాధారణంగా తక్కువ. కాబట్టి ఇక్కడ ముందుగా చూడాల్సింది విషం కాదు, మన్ను.

"మన్నే కదా అయ్యగారూ, వర్షాకాలంలో నది ఎలాగూ ఎర్రబారుతుంది" అని ఒక తమ్ముడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. వానాకాలపు బురదకు చేప అలవాటుపడింది. వరద ఆ బురదను తెస్తుంది, తనే తోసుకుపోతుంది. గని మన్ను అలా కాదు. జనవరిలో వస్తుంది, ఏప్రిల్‌లో వస్తుంది, దాన్ని తోసుకుపోయే ప్రవాహం లేనప్పుడు వస్తుంది. వచ్చి అడుగున కూర్చుంటుంది.

ఇప్పుడు మడుగు గురించి వినండి. వేసవిలో వార్ధా, ఇరై నదులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇసుక, బండలు, మధ్యలో సన్నని పాయ. అక్కడక్కడా లోతైన మడుగులు. మరాఠీలో మనవాళ్లు డోహ్ అంటారు. నదిలో చేపలన్నీ ఆ మూడు నెలలు తల దాచుకునేది ఆ మడుగుల్లోనే. వాలుగ అడుగున చల్లని చోట పడుకుంటుంది. కొర్రమట్ట అంచున నాచులో గూడు చేసుకొని పిల్లలను కాపలా కాస్తుంది. రవ్వ, బొచ్చె తొలకరి వరదకు ఎదురుచూస్తాయి, వరద రాగానే పల్లపు నీళ్లలోకి ఎక్కి గుడ్లు పెడతాయి. వేసవిలో మడుగులో బతికిన తల్లిచేపే వానాకాలంలో నదిని నింపుతుంది. మడుగంటే చేపల గుంపుకు విత్తనపు గాదె అన్నమాట.

ఆ మడుగులో మన్ను నిండితే ఏమవుతుంది? లోతు తగ్గుతుంది, నీరు వేడెక్కుతుంది, నీటిలో గాలి తగ్గుతుంది. రాళ్ల సందుల్లో పెరిగే పురుగులు, రాళ్ల మీద నాచు మన్ను కింద కప్పబడతాయి. అవే చిన్న చేపలకు కూడు. మొప్పల్లో సన్నని మన్ను చేరి ఊపిరి బరువవుతుంది. గుడ్లు పూడిపోతాయి. చచ్చిన చేపలు తేలితే పేపర్లో వార్త వస్తుంది. మడుగు పూడితే వార్త రాదు. చేప చావదు, పుట్టడం మానేస్తుంది. ఏ ఫొటోకూ దొరకని నష్టం అది.

మరి చట్టం లేదా? ఉంది. బొగ్గు గనుల నుంచి బయటికి వదిలే నీటికి 2000లో కేంద్రం ప్రమాణాలు పెట్టింది. లీటరు నీటిలో తేలియాడే ఘనపదార్థాలు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, నూనె గ్రీజు 10 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆమ్లక్షార గుణం చెప్పే పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. మంచిదే. కానీ ఒక చిన్న లెక్క వేద్దాం, ఇంటర్ పిల్లలు కాగితం తీయండి. ఒక పైపు రోజుకు 10 లక్షల లీటర్లు వదిలిందనుకుందాం. లీటరుకు 100 మిల్లీగ్రాములు, అంటే చట్టం గీతను దాటనే లేదు. రోజుకు ఎంత మన్ను? 100 కిలోలు. ఏడాదికి 36 టన్నుల పైన. అదే పైపు ఐదింతలు మురికిగా పారితే రోజుకు అర టన్ను. అదంతా మడుగులోకే దిగాలని లేదు. కానీ ప్రవాహం లేని వేసవిలో మరెక్కడికి పోతుంది? కాబట్టి "మా నీళ్లు పరీక్షలో పాసయ్యాయి" అన్న మాటతోనే చేప ఇల్లు నిలబడదు. ఏ కాలంలో, ఏ చోట, ఎంత నీరు వదులుతున్నారన్నది కూడా అడగాలి.

కొందరు పెద్దమనుషులు, చేపపిల్లలు వదిలితే సరిపోతుంది కదా అంటారు. వదలడం మంచిదే, మన సంఘం కూడా ఒక ఏడాది ప్రార్థన చేసి వదిలింది. కానీ ఇల్లు కూలిపోయిన కుటుంబానికి కొత్త కోడలిని తెచ్చి ఏం లాభం? ఎక్కడ కాపురం ఉంటుంది? ఆదికాండం మొదటి అధ్యాయం 22వ వచనం చూడండి. బైబిల్లో దేవుడు ఇచ్చిన మొట్టమొదటి ఆశీర్వాదం మనిషికి కాదు. నీటి జీవులకు, పక్షులకు. ఫలించమని, నీళ్లను నింపమని ఆశీర్వదించాడు. మనకంటే ముందు ఆశీర్వాదం అందుకున్న ప్రాణిని ఫలించకుండా చేసి, మనం దీవెనల కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటున్నాం.

ఇక్కడ ఒక ఒప్పుకోలు చేయాలి. కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక పెద్దాయన, మీలాగే చేపలు పట్టి బతికే మనిషి, ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, ఒకసారి రండి" అని నది దగ్గరికి తీసుకుపోయాడు. విసురు వల వేసి లాగాడు. నాలుగు పరకలు, వల నిండా బూడిద రంగు బురద. "మా నాన్న ఈ మడుగులో వెదురుగడ వేస్తే అడుగు అందేది కాదు. ఇప్పుడు నేను నిలబడితే ఛాతీ దాటదు" అన్నాడు. ఆ మడుగుకు కొంచెం పైన గని పైపు పడుతోంది. నేను చూశాను. ఇంటికి వచ్చి ఏం చేశానో తెలుసా? ఏమీ చేయలేదు. రెండేళ్లు ఏమీ చేయలేదు.

ఎందుకు? మా సంఘంలో కానుకలు ఎక్కువగా గని జీతాల నుంచే వస్తాయి. మా గుడి ప్రహరీగోడకు సిమెంటు ఆ గని వాళ్లే ఇచ్చారు. నోరు తెరిస్తే ఎవరి కొడుకుకు పర్మనెంట్ ఆగిపోతుందో అని భయపడ్డాను. శాంతి కోసం ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. యెహెజ్కేలు 34వ అధ్యాయం 18, 19 వచనాలు నన్ను పట్టుకున్నాయి. అక్కడ దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తాడు: తేట నీళ్లు మీరు తాగారు, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకబెట్టారు, నా మంద ఆ బురద నీళ్లు తాగాలా అని. అది గొర్రెలతో చెప్పిన మాటే అయినా, అధ్యాయం మొదలైంది కాపరులతో. ఆ బురదలో నా కాలు కూడా ఉంది.

అప్పుడు మా యవ్వనస్తులను పిలిచాను. గొడవ వద్దు, ధర్నా వద్దు, ముందు లెక్క రాద్దాం అన్నాను. తెల్ల ప్లాస్టిక్ పళ్లెం మీద నల్ల రంగుతో గుర్తు వేసి, కొలతలు రాసిన తాడు కట్టారు. దాన్ని నీళ్లలోకి దింపితే ఎంత లోతులో కనబడకుండా పోతుందో అదే నీటి తేటదనం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం, పైపు పడేచోటుకు పైన ఒకసారి, కింద ఒకసారి. తేదీ, గంట, వాన పడిందా లేదా, ఫొటో. ఆ ఫిబ్రవరిలో పైన మోకాలి లోతు వరకూ కనిపించిన పళ్లెం, కింద జానెడు లోతులోనే మాయమయ్యేది. ఆ నోట్‌బుక్ పట్టుకొని గని కార్యాలయానికి వెళ్లాం. మాతోపాటు ఎవరొచ్చారో చెప్పనా? మా సంఘంలో ఇప్పుడు పంపు నడిపే అన్న. "నేను తోడే నీళ్లు తేరుకోకుండానే నదిలో పడుతున్నాయని నాకు తెలుసు సార్. తేర్చే చెరువులో మూడేళ్లుగా పూడిక తీయలేదు" అని ఆయనే చెప్పాడు. గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. నా ప్రసంగాలు వందైనా ఆ ఒక్క సాక్ష్యానికి సాటి రావు.

జూన్‌కు ముందు ఆ చెరువు పూడిక తీశారు. రెండో చెరువు తవ్వుతామన్నారు, ఇంకా తవ్వలేదు. ఆ అన్న ఉద్యోగం పోలేదు, కానీ కొన్నాళ్లు కష్టమైన షిఫ్టులే పడ్డాయి. మడుగు పూర్తిగా తిరిగి రాలేదు. పెద్దాయన మాత్రం మొన్న వేసవిలో ఒక వాలుగ పడిందని కబురు పంపాడు. నేను దీన్ని జయం అని పిలవను. మొదలు అంటాను.

మొదలుపెట్టేవాళ్లకు చట్టం కొంత తోడుంటుంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం నదిలోకి నీరు వదలాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు సమ్మతి కావాలి, దానికి షరతులుంటాయి. పర్యావరణ అనుమతి ఉన్న గని ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబరు 1కి, ఆ షరతులు ఎలా పాటిస్తుందో నివేదిక ఇవ్వాలి. అవి ప్రజలు చూడదగిన కాగితాలు. దొరక్కపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అప్పటికీ కాకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది, మహారాష్ట్రకు దాని బెంచి పుణేలో ఉంది.

ఒక తీర్పు గుర్తుపెట్టుకోండి. 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, కాలుష్యం లేని నీరు, గాలి పొందడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసు దేని గురించో తెలుసా? బొకారో నదిలోకి బొగ్గు కడిగిన బురద వదలడం గురించి. అయినా ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. ఎందుకంటే పిటిషన్ వేసినాయనకు ఆ బురద మీదే సొంత లాభం ఉందని తేలింది. హక్కు నిలబడింది, మనిషి నిలబడలేదు. యవ్వనస్తులారా, ఇందులో మనకు పాఠం ఉంది. కాంట్రాక్టు కోసమో, బేరం కోసమో నది పేరెత్తవద్దు. శుభ్రమైన నీళ్లు అడగాలంటే చేతులు శుభ్రంగా ఉండాలి.

బళ్లారి, హోస్పేట నుంచి మన పత్రిక చదివేవారికి మరో సంగతి. మీ తుంగభద్రలో కలిసే భద్ర పుట్టే కొండల్లోనే కుద్రేముఖ్ ఇనుప గని ఉండేది. విపరీతంగా వానలు పడే ఆ కొండల్లో గని మన్ను భద్రలోకి కొట్టుకొచ్చేది. ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి సాక్ష్యాలు కూర్చి కోర్టుకు వెళ్లారు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 2005 చివరికి తవ్వకం ఆగింది. అది జాతీయ పార్కు, గని గడువు తీరిపోయింది, కాబట్టి అక్కడ ఆపడమే న్యాయం. ఆ ఊరి కార్మిక కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి, ఆ నొప్పి కూడా మరిచిపోకూడదు. మన దగ్గర పరిస్థితి వేరు. మనం ముందే మేల్కొంటే గనినీ మడుగునూ రెంటినీ నిలుపుకొనే దారి ఇంకా మిగిలి ఉంది.

ఏమి అడగాలి? తేర్చే చెరువులు ఒకటి కాదు, వరుసగా రెండు మూడు ఉండాలని, ఏటా వానలకు ముందు పూడిక తీయాలని అడగండి. ఓబీ గుట్టలు నది ఒడ్డుకు దూరంగా ఉండాలని, చుట్టూ కాలువ తవ్వి గుట్ట మీద గడ్డి, చెట్లు పెంచాలని అడగండి. తేరిన నీటిని దుమ్ము అణచడానికి, పరీక్ష చేసి పొలాలకు వాడమనండి, నదిలో పడేది తగ్గుతుంది. వేసవిలో మడుగుల్లోకి నేరుగా పైపు పెట్టవద్దనండి. ఏ మడుగు ఎక్కడుందో చేపలు పట్టే పెద్దలను అడిగి పటం గీయండి. గనుల రాయల్టీతోపాటు జిల్లా ఖనిజ నిధికి డబ్బు వస్తుంది, 2015 నుంచి ఆ చట్టం ఉంది. గ్రామసభలో ఆ నిధి నుంచి మడుగుల పునరుద్ధరణ అడగండి. ఒక హెచ్చరిక: గని హద్దుల్లోకి దూరవద్దు, పైపు దగ్గర నీళ్లలోకి దిగవద్దు, ఒంటరిగా వెళ్లవద్దు.

ఇంకో మాట, ఇది మన ఇంటి మాట. మడుగులో బ్లీచింగ్ పౌడరు చల్లి, మందుగుండు పేల్చి చేపలు పట్టే కుర్రాళ్లు మన ఇళ్లలో కూడా ఉన్నారు. మన కాలనీ మురుగు కూడా నదిలోకే పోతోంది. గనిని వేలెత్తి చూపే ముందు ఆ రెండూ ఆపుదాం. లేకపోతే మన మాటకు బరువుండదు.

ఈ వార్ధా మన ఊరితో ఆగిపోదు. వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది, సిరొంచ ఎదుట కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, చివరికి యానాం పక్కన గౌతమిగా సముద్రం చేరుతుంది. ఈ పొడవునా మన తెలుగువాళ్లు, మన సంఘాలు. పైనున్నవాడు కిందున్నవాడి నీళ్లకు గృహనిర్వాహకుడు. పొరుగువాణ్ని ప్రేమించడమంటే నది ఒడ్డున అర్థం అదే.

చివరగా యోహాను సువార్త 21వ అధ్యాయం. తిరిగి లేచిన ప్రభువు సముద్ర తీరాన శిష్యుల కోసం ఎదురుచూశాడు. రాత్రంతా కష్టపడి ఒడ్డుకు వచ్చినవాళ్లకు ఏం కనబడింది? నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె. అవి మన గని బొగ్గులు కావులెండి, కట్టె బొగ్గులే. అయినా ఆ దృశ్యం చూసినప్పుడల్లా మా నాన్న, ఆ పెద్దాయన పక్కపక్కన కూర్చున్నట్టు నాకు కనిపిస్తుంది. నిప్పు ఒకరిది, చేప ఒకరిది, పిలిచి వడ్డించేది ప్రభువు. మన పిల్లలు ఈ ఒడ్డున కూర్చున్నప్పుడు నిప్పు మాత్రమే మిగిలి చేప లేకపోతే, ఆ భోజనం గురించి మనం వాళ్లకు ఎలా చెప్తాం?

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పళ్లెం, తాడు తీసుకొని ఎవరెవరు వస్తారు? పేర్లు రాసుకుంటాను. గని తమ్ముళ్లూ, చేపల అన్నలూ జతలుగా రండి. ఒంటరిగా ఒక్క వర్గం వస్తే నేను ఒప్పుకోను. ప్రార్థన చేసుకుందాం.